బూడిద బస్తా తడిసిన రోజు: పాల్వంచ బరువు సంఘంతో గుట్ట మీద

ఈ వేసవి సెలవుల్లో నాకొక పిచ్చి పట్టుకుంది. ముదిగొండ దగ్గర ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను కాబట్టి విమానం పాఠం ప్రతి ఏడూ వస్తుంది. ప్రతి ఏడూ దాన్ని ఒకే వాక్యంతో ముగించేస్తాను: ఇద్దరు అన్నదమ్ములు కనిపెట్టారు, రాసుకోండి. ఈసారి ఆ వాక్యం చెప్తుంటే నాకే సిగ్గనిపించింది. వాళ్ళకు ముందు ఎవరూ లేరా అని వెతకడం మొదలుపెడితే, విమానం పుట్టడానికి కొన్ని దశాబ్దాల ముందే లండన్‌లో, పారిస్‌లో, ఇంకా కొన్ని ఊళ్ళలో నడిచిన సంఘాల సంగతి తెలిసింది. గాలికన్నా తేలికైన బెలూన్ ఎగిరితే గొప్పేముంది, గాలికన్నా బరువైన యంత్రం ఎగరాలి అని పట్టుబట్టిన మనుషులు వాళ్ళు. పారిస్‌లో ఒక ఫొటోగ్రాఫరు, బెలూన్ల కాలం చెల్లిందని నిరూపించే యంత్రాలకు డబ్బు పోగు చేయడం కోసం బ్రహ్మాండమైన బెలూన్ ఒకటి కట్టించాడట. లండన్ వాళ్ళు పెద్ద అద్దాల మేడలో ఎగిరే యంత్రాల ప్రదర్శన పెట్టారు. వాటిలో మనిషిని మోసుకుని ఎగిరింది ఒక్కటీ లేదు. అయినా కూర్చుని వాదించుకునేవారు, ఎవరి యంత్రం ఎందుకు ఎగరలేదో రాసుకునేవారు, దాన్ని ఏటా అచ్చు వేయించేవారు. చదువుతూ చదువుతూ వాళ్ళ మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది.

పాల్వంచలో ఉండే మా పెద్దమ్మ కూతురు సుజాతక్కకు ఫోన్లో ఇదంతా చెప్పి నవ్వాను. తను నవ్వలేదు. "గట్లాంటోళ్ళు మా కాలనీ ఎనకనే ఉన్నరు. ఎదురు బొంగులు, గొడుగు గుడ్డలు ఏసుకొని గుట్టెక్కుతరు. బరువు సంఘం అంటరు వాళ్ళను. చూడాల్నంటే జల్దీ రా, ఈ ఆదివారమే ఆఖరంట," అంది. ఆఖరు ఎందుకో తనకు తెలియదు. నేను మాత్రం ఆ మాటకే బ్యాగు సర్దేశాను.

జూన్ మొదటి ఆదివారం, ఖమ్మం బస్టాండులో ఉదయం ఐదుంబావుకు కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్ళే ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్ళకు గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్. మగవాళ్ళు రెండు వందలు జేబులో పెట్టుకుంటే పాల్వంచ దాకా సరిపోతుంది, టీ కూడా వస్తుంది. కుడివైపు కిటికీ తీసుకోకండి, ఏడు దాటితే ఎండ ముఖం మీదే ఉంటుంది. జూలూరుపాడు దాటాక మామిడి తోటలు పలచబడి టేకు చెట్లు మొదలవుతాయి. కొత్తగూడెంలో బస్సు పావుగంట ఆగింది. నైట్ షిఫ్టు దిగినవాళ్ళు ఎక్కి, కూర్చున్న వెంటనే నిద్రపోయారు. ఏడూ నలభైకి పాల్వంచలో దిగేసరికి అక్క స్కూటీ మీద సిద్ధంగా ఉంది. ఇడ్లీ తిననిచ్చింది గానీ నమలనివ్వలేదు. ఎనిమిదిన్నరకల్లా వాళ్ళు బయలుదేరిపోతారట.

కాలనీ వెనక రేకుల షెడ్డు. గోడ మీద ఎర్ర పెయింటుతో 'గాలికన్నా బరువైన యంత్రాల ప్రోత్సాహక సంఘం' అని పూర్తి పేరు రాసి ఉంది. ఇంత పేరు పలకలేక కాలనీ వాళ్ళు బరువు సంఘం అనేశారు, సంఘం వాళ్ళు కూడా అలవాటు పడిపోయారు. అధ్యక్షుడు ప్రభుదాస్ గారు. కరెంటు ఉత్పత్తి కేంద్రంలో ముప్పై ఏళ్ళు మెషిన్ల మరమ్మతు చేసి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ చదును చూసుకునే ఒక చిన్న స్పిరిట్ లెవెల్ పెట్టుకుని ఉంటారు. నేను లండన్, పారిస్ సంఘాల గురించి చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

"వాళ్ళు నాకు తెలుసు మేడం. మా లైబ్రరీల పాత పుస్తకాలు తూకానికి అమ్ముతుంటే ఒకటి తెచ్చుకున్న. గది చదివే ఇది పెట్టిన. ఎగిరినోళ్ళ ఫొటోలు అందరింట్ల ఉంటయ్. ఎగరనోళ్ళకు ఎవరో ఒకరం ఉండాలె గదా."

పన్నెండేళ్ళ కిందట పద్దెనిమిది మందితో మొదలైతే ఇప్పుడు తొమ్మిది మంది మిగిలారు. వాళ్ళలో ముఖ్యురాలు కరుణ. కాలనీ గేటు దగ్గర లేడీస్ టైలర్. వీళ్ళు చేసుకున్న, గాలి మీద తేలుతూ పోయే గ్లైడర్ రెక్కలకు గుడ్డ కుట్టేది ఆవిడే. ఇరవై ఆరు అడుగుల రెక్కలు, అడవి వెదురుతో చేసిన ఎముకలు, పైన గొడుగు గుడ్డ, కీళ్ళ దగ్గర సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించిన కట్లు. దీనికి ఇంజనూ లేదు, మనిషీ ఎక్కడు. మనిషికి బదులు నలభై ఎనిమిది కిలోల బరువు పెడతారు. ఎందుకు నలభై ఎనిమిది అని అడిగితే కరుణ తలొంచుకుని నవ్వింది. "అది నా బరువు మేడం. సంఘంల అందరికంటే బక్కదాన్ని నేనే. ఎన్నటికన్న మనిషి ఎక్కాలంటే నేనే ఎక్కాలె. ప్రభుదాసన్న ఎక్కనియ్యడు. నా బరువన్న పోయొస్తది గదా అని."

ఆ బరువు గుట్ట మీంచి బయలుదేరి కింద ఉన్న వాగు దాటాలి. పన్నెండేళ్ళుగా వీళ్ళ పంతం అదొక్కటే. ఇప్పటికి ఒక్కసారీ దాటలేదు. ఈ ఆదివారం ఆఖరు ఎందుకయ్యిందో కూడా అప్పుడే తెలిసింది. ఆ గుట్ట వాలంతా అటవీ శాఖ వారిది. ఈ వానాకాలం అక్కడ మొక్కలు నాటుతున్నారు. ఇన్నాళ్ళూ చూసీచూడనట్టు వదిలేసిన వాలు మీద ఇవాళ మధ్యాహ్నం నుంచి గుర్తు పుల్లలు పాతుతారు. చుట్టుపక్కల వాగుకు ఎదురుగా, నైరుతి గాలి తగిలే బోడి వాలు ఇంకోటి లేదు. ఇది చెప్పేటప్పుడు ప్రభుదాస్ గారు గొంతు మామూలుగానే పెట్టారు గానీ చేతిలోని స్పానర్‌ను మూడుసార్లు తుడిచారు.

యాకూబ్ భాయ్ ట్రాలీ ఆటోలో రెక్కల్ని రెండు ముక్కలుగా కట్టారు. మిగతావాళ్ళు బైకుల మీద. రానూపోనూ కిరాయి ఎనిమిది వందలు, అందరూ పంచుకుంటారు. మీరు విడిగా వెళ్ళాలంటే షేర్ ఆటోలు భద్రాచలం రోడ్డు మీద వరకే వస్తాయి, అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు నడక. నన్ను వెనక బస్తాల పక్కన కూర్చోబెట్టారు. నాలుగు బస్తాలు, ఒక్కొక్కటి పన్నెండు కిలోలు. లోపల ఇసుకేమో అనుకున్నాను. పాల్వంచలో ఇసుకెవరు కొంటారు, బొగ్గు కాల్చిన బూడిద ఉండగా! మెత్తటి పొడి బూడిద, ముందు రోజు సాయంత్రమే పాత ఇనప సామాన్ల కొట్టు కాటా మీద పెట్టి తూచి మూతులు కుట్టారట.

"మేడం, మీకొక డ్యూటీ," అన్నారు ప్రభుదాస్ గారు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను నా కాళ్ళ దగ్గర పెట్టి. "మూత లూజుంది. గుంతలొచ్చినప్పుడు పట్టుకోవాలె."

ఎనిమిదో తరగతి పిల్లకు అప్పజెప్పినా చేసే పని. పది పన్నెండు కిలోమీటర్ల తారు రోడ్డు బాగానే నడిచింది. ఎడమకు మట్టి దారి పట్టాక అడవి రెండువైపులా దగ్గరకొచ్చింది. తొలకరి ఒకటి పడినట్టుంది, మోదుగాకులు కడిగినట్టున్నాయి. ఎదురుగా ఒక అడవి కోడి, వెనకాల దాని సంసారమంతా దారి దాటుతున్నాయి. నేను ఫోను పట్టుకుని లేచి నిలబడ్డాను. అదే సమయానికి గుంత వచ్చింది. ఫొటోలో ఆకాశం పడింది. నేను మళ్ళీ కూర్చునేసరికి క్యాను పక్కకు ఒరిగి, మూత ఊడి, నీళ్ళు ఒక బస్తా మీద ధారగా పోతున్నాయి. లేపి నిలబెట్టే లోపల ఐదారు లీటర్లు పోయి ఉంటాయి. చున్నీతో బస్తా తుడిచాను. పైన ప్లాస్టిక్ గోనె గదా, లోపలికి పోయి ఉండదులే అనుకున్నాను. ఆ గోనె నేసిన సంచి అని, దాని మూతి దారంతో కుట్టిందని, నీరు సందు దొరికితే దూరుతుందని ఇరవై ఏళ్ళుగా పాఠం చెప్తున్నది నేనే.

గుట్ట దగ్గర దిగాక యాకూబ్ భాయ్ క్యాను ఎత్తి చూశాడు. "నీళ్ళు గింతే ఉన్నయేంది?"

"దాహమేసి తాగాను," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి ఓసారి చూశాడు. "అవ్, ఎండాకాలం గదా," అని ఊరుకున్నాడు. నా పరువు కోసం అంత పెద్ద అబద్ధాన్ని మింగిన ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

గుట్ట కింద పాతిక గడపల కోయ గూడెం ఉంది. పేరు రాయవద్దన్నారు, జనం ఎగబడతారని. ఆ గూడెంలోని ముత్తమ్మ సంఘం వాళ్ళకు ఆదివారాల వంట చేస్తుంది. మనిషికి నూట ఇరవై. మా కోసం అప్పటికే చింతచిగురు తుంచుతూ కూర్చుంది. గూడెంలో వాళ్ళు ఒకరితో ఒకరు తమ భాషలో ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. "ఏమంటున్నారు?" అని ముత్తమ్మను అడిగాను. "ఈసారి ఏ చెట్టు మీద పడతదో అని," అంది తెలుగులో, చిగురు మీంచి కళ్ళెత్తకుండా.

వాలు పక్కన నీడలో అటవీ శాఖ బీట్ ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. పక్కన ఇద్దరు కూలీలు, తాళ్ళ చుట్టలు, పుల్లల కట్టలు. పన్నెండింటి వరకు టైమిచ్చానని చెప్పాడు. ఇంకొక్క సీజను ఆగితే ఏం పోయిందని నేను కాస్త టీచరు గొంతుతోనే అడిగాను. అతను కోపగించుకోలేదు.

"మొక్కలు ఒక్కటే కాదు మేడం. వీళ్ళు మనిషిని ఎక్కియ్యరని నాకేం నమ్మకం? ఉత్సాహం ఎక్కువ ఉన్నోళ్ళతోనే నాకు భయం. కాలో చెయ్యో ఇరిగితే నా బీట్ల ఇరిగినట్టు. పెద్ద సార్లకు నేనే జవాబు చెప్పాలె." మాట న్యాయంగానే ఉంది.

గ్లైడర్ జోడించడానికి గంట పట్టింది. అది పూర్తయ్యాక ప్రభుదాస్ గారు ఒక డబ్బా తెరిచి అందరికీ అరచేతి వెడల్పున్న ఎర్ర రేకు ట్యాగులు పంచారు. ఒకటి నాకూ ఇచ్చారు. ఎందుకని అడిగాను.

"మా డ్యూటీల నేర్చుకున్నం మేడం. మోటరు లోపల మనిషి పని చేస్తుంటే స్విచ్ కాడ ఎర్ర ట్యాగు తగిలిస్తడు. తగిలించినోడే వచ్చి తియ్యాలె. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకరి ట్యాగు ముట్టొద్దు. ఈడ కూడ గంతే. అనుమానం ఉన్నోళ్ళు దీని ముక్కుకు తగిలిస్తరు. ఎందుకని ఎవ్వరూ అడుగరు. చెప్పాల్ననిపించినప్పుడు వాళ్ళే చెప్తరు."

"చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడానా?"

"కండ్లున్నోళ్ళందరూ."

"మా ఆయన ఒకసారి తగిలించిండు మేడం," అంది కరుణ. "అరగంట ఆపినం. ఏందయ్యా అంటే ఆకలైతుందన్నడు."

తర్వాత ప్రభుదాస్ గారు వరసగా అందరినీ పేరుపేరునా అడిగారు, అనుమానం ఉందా అని. లేదు, లేదు, లేదు. నా వంతు వచ్చింది. బస్తాలు అప్పటికే ముక్కు దగ్గర అరలో కట్టేసి ఉన్నాయి. తొమ్మిది మంది నా వైపు చూస్తున్నారు. లేదన్నాను. నోరు పొడిబారిపోయింది. క్యానులో నీళ్ళు అడగడానికి మొహం చెల్లలేదు.

పదింబావు. గాలి వాగు మీంచి వాలు ఎక్కుతూ, ఒకే తీరుగా, గడ్డిని ఒకే వైపు వంచుతూ వస్తోంది. ఇలాంటి గాలి పోయిన రెండేళ్ళలో రాలేదని కరుణ గుసగుసగా చెప్పింది. టైరు ట్యూబులు కలిపి చేసిన పొడవాటి రబ్బరు తాళ్ళను అటు నలుగురు, ఇటు నలుగురు పట్టుకుని సాగదీయడం మొదలుపెట్టారు. ప్రభుదాస్ గారు తోక పట్టుకున్నారు. ఆయన వదిలితే వెళ్ళిపోవడమే. ఆయన ముఖం చూశాను. అరవై నాలుగేళ్ళ మనిషి, పరీక్ష హాలు గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లాడిలా ఉన్నారు.

అప్పుడు ముక్కు కింద ఉన్న రాయి మీద బూడిద రంగు చుక్క ఒకటి పడింది. కాసేపటికి ఇంకోటి. నాకు తప్ప ఎవరికీ కనిపించే చోటు కాదది.

నేను చాలా ఆలోచించానని రాస్తే అబద్ధం. ఆలోచించింది రెండే సంగతులు. చెప్తే ఈ గాలి పోతుంది, వాళ్ళ పన్నెండేళ్ళు నా మూలంగా పోతాయి. చెప్పకపోతే ఏం జరిగినా గాలి మీదకు నెట్టేయొచ్చు, ఎవరికీ తెలియదు. ఆ రెండోది ఎంత సులువుగా ఉందో చూసి నాకే భయమేసింది. నడుచుకుంటూ వెళ్ళి ట్యాగు ముక్కుకు తగిలించాను. దాని కొక్కెం రెండోసారికి గానీ పట్టలేదు.

 సాగిన తాళ్ళు మెల్లగా వదులయ్యాయి. ఎనిమిది మందీ ఉన్నచోటే కూర్చున్నారు. ఒకతను బీడీ వెలిగించుకున్నాడు. వాళ్ళు తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"నీళ్ళు నేను తాగలేదు," అన్నాను. "బస్తా మీద పోశాను. అడవి కోడిని ఫొటో తీస్తూ."

ప్రభుదాస్ గారు తోక దించి వచ్చి నేను చూపించిన బస్తా కుట్టు విప్పారు. లోపల బూడిద దోసెల పిండిలా జారుగా ఉంది. వేళ్ళతో తీసి చూసి, కరుణకు చూపించారు. "నాలుగైదు కిలోలు పెరిగింది. అదీ ముక్కులనే. వదిలితే నిట్టనిలువున నేలకు గుద్దేది." అని నావైపు తిరిగారు. "బూడిద ఎందుకు, ఇసుక పెట్టుకోమని మా ఆవిడ ఎప్పటి సందో చెప్తుంది. బూడిద ఇంత నీళ్ళు తాగుతదని ఆలోచన చెయ్యకపోవుడు మా తప్పు మేడం. మీ తప్పు మీది, మా తప్పు మాది."

పన్నెండు కిలోల పొడి బరువు ఇప్పుడు ఎక్కడ తేవాలి? కాటా పాల్వంచలో ఉంది. బియ్యం కొలుద్దామా అన్నారొకరు. గూడెంలో ఉన్న తూకపు రాళ్ళు అన్నీ పగిలినవే. నేను ఇరవై ఏళ్ళ పాఠాల్లో వీళ్ళకు పనికొచ్చే మాట ఒకటైనా ఉండకపోతుందా అని వెతుక్కున్నాను. "లీటరు నీళ్ళు కిలో బరువు. మూతి దాకా నింపితే లోపల కదలవు కూడా," అన్నాను. ముత్తమ్మ గూడెం వైపు తిరిగి వాళ్ళ భాషలో ఒక కేక వేసింది. ఇంటికో ఖాళీ సీసా చొప్పున వచ్చింది, కూల్‌డ్రింకువి, మంచినీళ్ళవి. లీటరివి పన్నెండు ఏరి, బోరింగు దగ్గర నింపి, చుట్టూ పాత చీర చుట్టి, అరలో బిగించారు. ట్యాగు తీయమని ఎవరూ అడగలేదు. కట్లు నా చేత్తో లాగి చూసి, నేనే తీశాను.

ఈలోగా పదకొండు దాటింది. గాలి చచ్చిపోయింది. గడ్డి నిటారుగా నిలబడింది, ఆకు కదల్లేదు.

పన్నెండయ్యింది. బీట్ ఆఫీసరు గడియారం చూసుకున్నాడు గానీ లేవలేదు. ముత్తమ్మ అన్నానికి పిలిచింది. చింతచిగురు పప్పు, ఎండు చేపల పులుసు, విస్తరాకుల్లో వేడి అన్నం. ఇంకో రోజయితే ఆ పప్పు మీద రెండు పేరాలు రాసేదాన్ని. నాకు ముద్ద దిగలేదు. ప్రభుదాస్ గారు నా ఎదురుగా కూర్చుని శుభ్రంగా తిన్నారు.

"తినండి మేడం. మీరు చదివిన సంఘాలోళ్ళు గిట్ల అన్నం మానేస్తే అండ్ల ఒక్కడు కూడ బతికెటోడు కాదు."

నవ్వాను, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. బీట్ ఆఫీసరు కూడా విస్తరి ముందు కూర్చున్నాడు. కరుణను అడిగాడు. "ట్యాగు తగిలిస్తే ప్రతిసారీ గిట్లనే ఆపుతరా? ఇయ్యాల ఆఖరి దినం గదా. అయినా ఆపిండ్రే."

"ఆఖరి దినానికి ఏరే రూలు ఉంటదా సార్," అంది కరుణ, పప్పు వడ్డిస్తూ. అతను తిన్న తర్వాత కూలీలను పిలిచి, పుల్లలు వాలు అవతలి చివర నుంచి మొదలుపెట్టమన్నాడు.

నాలుగూ ఇరవైకి పడమట మబ్బు లేచి గాలి వచ్చింది. పొద్దున వచ్చిన గాలి కాదిది, మధ్యమధ్యలో తడబడుతోంది. మళ్ళీ ట్యాగులు, మళ్ళీ పేరుపేరునా ప్రశ్న. ఈసారి నేను అరలోకి తొంగి చూసి, సీసా మూతలన్నీ తిప్పి చూసి లేదన్నాను. తాళ్ళు సాగాయి. ప్రభుదాస్ గారు చేతులు వదిలారు.

అది ఎగిరింది. గాలికన్నా బరువైనది గాల్లో నిలబడటం పుస్తకంలో వెయ్యిసార్లు బొమ్మ గీసి చూపించిన నేను, కళ్ళారా చూస్తూ నిలబడ్డాను. చప్పుడు లేదు. గొడుగు గుడ్డ కొద్దిగా రెపరెపలాడింది. వాలు మీంచి, పొదల మీంచి, బండల మీంచి, ఒక చోట కిందికి దిగబోయి మళ్ళీ లేచి, వాగు వైపు సాగిపోయింది. గూడెం పిల్లలు, పెద్దలు కింద పరుగెత్తారు, వెనకే కుక్కలు. వాగు ఇవతలి ఇసుకలో పొట్ట ఆనించి, ఓ పక్కకు ఒరిగి ఆగింది. నీటి అంచుకు పన్నెండు అంగలు తక్కువ.

దాటలేదు. ఇన్నేళ్ళలో అంత దూరం వెళ్ళింది మాత్రం ఇదే మొదటిసారి. కరుణ ముందుగా చేరి రెక్కలు తడిమింది. "ఒక్క కుట్టు కూడ పోలే," అంది, తర్వాత ఇసుకలోనే కూలబడి ఏడ్చేసింది. నేను ప్రభుదాస్ గారి దగ్గరకెళ్ళి, పొద్దుటి గాలికయితే దాటేది కదా అన్నాను. ఆయన కాదనలేదు. "దాటుండచ్చు," అన్నారు. వాలు వైపు తిరిగి చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ మనిషి వీపు అంత దిగులుగా ఉండటం నేను భరించలేకపోయాను.

బీట్ ఆఫీసరు గుట్ట మీంచి దిగి వచ్చాడు. చేతిలో తాడు చుట్ట, సున్నం సంచి ఉన్నాయి. వాగు అంచు నుంచి గ్లైడర్ దాకా తనూ ఒకసారి అంగలు లెక్కపెట్టాడు.

"ప్లాంటేషన్ల మంట పాకకుండ ఫైర్ లైను ఇడవాలె మేడం," అన్నాడు నాతో, ప్రభుదాస్ గారికి వినిపించేలా. "మొక్కలు లేకుండ ఖాళీగా ఉంచే గీత. ఎక్కడేసినా ఎయ్యాల్సిందే. గుట్ట నెత్తి మీంచి సక్కగ వాగు దాక ఏద్దామనుకుంటున్న."

కరుణ కళ్ళు తుడుచుకుని ఇసుకలోంచి లేచింది.

"ఇరవై అడుగులే వస్తది," అన్నాడు. "మీ రెక్కలు ఇరవై ఆరు. మొక్కలు నడుమెత్తు అయ్యే దాక మీకు ఇబ్బంది లేదు. రెండు మూడేండ్లు. పెద్ద సారుకు నేను చెప్పుకుంట. ట్యాగు పడితే ఆగుతరని చెప్తా."

ప్రభుదాస్ గారు ముందుకొచ్చి తాడు రెండో కొస అందుకున్నారు. ఇద్దరూ కలిసి గుట్ట వైపు నడుస్తూ గీత లాగారు. వెనకాల కరుణ సున్నం పోస్తూ వెళ్ళింది.

తిరిగి వచ్చే దారిలో నేను ఆ పాత సంఘాల గురించే ఆలోచించాను. వాళ్ళు ఎగరలేదని, ఎగిరినవాళ్ళకు దారి వేశారని రాసి పాఠం ముగించొచ్చు. పాఠం బాగానే ఉంటుంది. కానీ నాకు వాళ్ళిప్పుడు పేర్లుగా కనిపించడం లేదు. ఎవరి బస్తా ఎవరు తడిపారో, ఎవరు ఎవరి ముందు తలొంచుకుని ఒప్పుకున్నారో, అయినా కలిసి కూర్చుని ఎలా తిన్నారో ఊహించుకుంటే చాలా దగ్గరివాళ్ళుగా అనిపిస్తున్నారు. పిల్లలకు ఈ ఏడు విమానం పాఠం రెండు పీరియడ్లు చెప్తాను. మొదటిదంతా ఎగరనివాళ్ళదే. పాల్వంచ నుంచి రాత్రి ఏడున్నర బస్సు ఎక్కి పదింటికి ఖమ్మంలో దిగాను. చున్నీకి అంటిన బూడిద ఇంకా వదల్లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని సూచనలు. జూన్, జూలై ఆదివారాలు మంచివి. టోపీ తీసుకెళ్ళండి, మీ నీళ్ళు మీరే తీసుకెళ్ళండి, పనేదైనా అప్పజెప్తే కాదనకండి. అందులో ఏదైనా పాడు చేస్తే అక్కడే, అప్పుడే చెప్పేయండి. వాళ్ళు మిమ్మల్ని తిట్టరు. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడతారు.